కోడి కూడా పక్షే

మా ఆవిడ సుగుణకు ఏదో తేడా చేసిందని నాకు మొదట తెలిసింది ఎల్‌బీ నగర్ చౌరస్తాలో, విజయవాడ రోడ్డు నడిమధ్యన.

తెలంగాణ ఉద్యమం జోరుగా నడుస్తున్న రోజులవి. ఆ రోజు వంటావార్పు. అంటే రోడ్డు మీదే రాళ్లు పెట్టి, పొయ్యి ముట్టించి, వండుకుని, అక్కడే కూర్చుని తినడం. బండ్లు ఆగుతాయి, మన కడుపు నిండుతుంది. ఇంత రుచికరమైన నిరసన నేను మళ్లీ చూడలేదు. పొయ్యి ఊదడంలో మా గల్లీ ఆడవాళ్లలో సుగుణను మించినవాళ్లు లేరు. పచ్చి కట్టెనైనా రెండు ఊదులకే మండిస్తుంది. ఆ రోజు నాలుగుసార్లు ఊదినా పొగ తప్ప మంట రాలేదు. ఐదోసారి ఊదుగొట్టం పక్కన పెట్టి, తారు రోడ్డు మీద చెయ్యి ఆనించి దగ్గడం మొదలుపెట్టింది.

"ఏందే, ఉద్యమమంత నీ గొంతులనే కూసున్నదా?" అన్నాను.

అందరూ నవ్వారు. తనూ నవ్వబోయింది. ఆ నవ్వు సగంలోనే మళ్లీ దగ్గులోకి తిరిగింది. సాయంత్రం ఇంటికొచ్చాక చలి, జ్వరం, ఒళ్లు నొప్పులు. పొద్దున లేచేసరికి ఏమీ లేదు. రోడ్ల మీద టైర్లు కాలుస్తున్నారు కదా, ఆ పొగే అనుకున్నాం. అది ఆదివారమని, పొద్దున్నే సుగుణ కోళ్ల గూడు ఊడ్చిందని అప్పుడు నాకు గుర్తు రాలేదు. గుర్తొచ్చినా రెండింటినీ కలిపి చూసే తెలివి నాకు లేదు. ఎనిమిదో తరగతి సగంలో బడి మానేశాను. సైన్సు పుస్తకంలో ఊపిరితిత్తుల పాఠం వచ్చేసరికి నేను దిల్‌సుఖ్‌నగర్‌లో మిక్సీలు, ప్రెషర్ కుక్కర్లు బాగుచేసే దుకాణంలో ఉన్నాను. తర్వాత ఆ దుకాణం నాదే అయింది. కుక్కర్ విజిల్ ఎందుకు రాదో చెప్పగలను. పెళ్లానికి ఊపిరి ఎందుకు అందడం లేదో చెప్పలేకపోయాను.

ఇక గూడు సంగతి. మా ఇల్లు ఎల్‌బీ నగర్ వెనక గల్లీలో. ఇంటి వెనక జామచెట్టు, దాని కింద పద్నాలుగు నాటుకోళ్లు. పుంజుకు ఢిల్లీ అని పేరు పెట్టాను. తెల్లారిందని ఎప్పుడు పడితే అప్పుడు కూసేది, తెల్లారేది మాత్రం కాదు. ఆ రోజుల్లో ఈ పేరుకు అర్థం ఎవరికీ విడమర్చి చెప్పాల్సిన పని లేకపోయింది.

మొదట్లో గూడు నాలుగు కర్రలు, చుట్టూ ఇనుప జాలి, అంతే. గాలి ఇటు వచ్చి అటు పోయేది. వానకు కోళ్లు తడుస్తున్నాయని నేను దాన్ని బాగుచేశాను. సభలు అయిపోయాక కట్టిన ఫ్లెక్సీలు ఊడదీసి పడేసేవారు కదా, నాలుగు పెద్దవి ఇంటికి తెచ్చి మూడు పక్కలా, పైనా బిగించి కట్టాను. నాయకులు నిజంగా ఎవరికైనా నీడ ఇచ్చారంటే మా కోళ్లకే అని దుకాణంలో అందరికీ చెప్పుకున్నాను. వాన రాలేదు, గాలీ రాలేదు. కింద వేసిన ఊక, రెట్ట, రాలిన ఈకలు అన్నీ లోపలే ఎండి పొడైపోయేవి. అది నాకు శుభ్రంగానే కనిపించింది. నా లెక్కలో తడి అంటే మురికి, పొడి అంటే శుభ్రం. అందుకే "నీళ్లు పొయ్యకు, వాసనొస్తది. వారం రోజులు మంచిగ ఎండనియ్, ఒక్కసారే ఊడువు" అని సుగుణకు నేనే చెప్పాను.

గూడు ఎత్తు నడుము దాకా ఉండేది. సుగుణ మోకాళ్ల మీద లోపలికి దూరి, చీపురుతో ఊడ్చి, రెట్ట తట్టకెత్తి బయటికి వచ్చేది. కనుబొమ్మలు తెల్లగా అయ్యేవి. "పౌడర్ జర ఎక్కువైనట్టుంది" అనేవాడిని. నువ్వెందుకు దూరవని అడిగితే, నా పొట్ట ఆ తలుపులో పట్టదని చూపించి నవ్వించేవాడిని. ఆ తలుపు చేసింది నేనే. కొంచెం పెద్దగా చేసి ఉంటే పని నాకు పడేదని నాకు తెలుసు. ఈ మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు, ఇక్కడే రాస్తున్నాను.

పై అంతస్తులో కిరాయికి ఉండే వరలక్ష్మి వాళ్లది తణుకు వైపు. చుట్టూ కోళ్ల ఫారాలున్న ఊళ్లో పెరిగిన మనిషి. నన్ను అన్నయ్యగారూ అని, సుగుణను వదినా అని పిలిచేది. ఒక ఆదివారం బట్టలు ఆరేస్తూ పైనుంచి చూసింది.

"అన్నయ్యగారూ, వదిన చేత అలా పొడిగా ఊడ్పించకండి. ఆ దుమ్ము మంచిది కాదు. మా ఊళ్లో ఫారంలో పనిచేసేవాళ్లు కాసిని నీళ్లు చల్లుకుని, ముక్కుకి గుడ్డ కట్టుకుని గానీ లోపలికి వెళ్లరు."

ఆమె మంచికే చెప్పింది. కానీ అప్పుడు గోడ అవతల గల్లీలో నలుగురైదుగురు నిలబడి ఉన్నారు. నలుగురు కనపడితే నా నాలుక ఆగదు.

"చూసిన్రా, మా నీళ్లయిపోయినయ్, మా కొలువులయిపోయినయ్, ఇగ మా దుమ్ము మీద గూడ పెత్తనమేనంట. తెలంగాణ గాలి నీకు పడతలేదు చెల్లె. అలవాటైతది తియ్యి."

గల్లీ అంతా పకపకా నవ్వింది. వరలక్ష్మి మాత్రం ఆరేసిన బట్టలు ఆరకముందే తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. సుగుణ చీపురు పట్టుకుని ఒక్క నిమిషం పైకి చూసి, మళ్లీ గూట్లోకి దూరింది. పొడిగానే ఊడ్చింది.

దగ్గు తగ్గలేదు. దగ్గర్లోని క్లినిక్‌లో సిరప్ ఇచ్చారు, తర్వాత యాంటీబయాటిక్ ఇచ్చారు. నెల గడిచేసరికి బిందె ఎత్తితే ఆయాసం. ఎక్స్‌రే తీస్తే రెండు లంగ్స్‌లో నీడల్లాగా ఉన్నాయన్నారు. టీబీ ఏమోనని తెమడ పరీక్ష మూడుసార్లు చేసినా నెగటివ్. అప్పుడు ఒక పెద్ద దవాఖానలో ఛాతీ డాక్టరు దగ్గరికి వెళ్లాం. బయట బెంచీల నిండా జనం. ఆయన రాసుకుంటూనే గబగబా అడిగారు.

"పొగాకు అలవాటుందా? కట్టెల పొయ్యా, గ్యాసా?"

"గ్యాసే సార్. కట్టెల పొయ్యి రోడ్డు మీదనే, ఉద్యమానికి" అన్నాను.

"ఇంట్లో పక్షులు పెంచుతున్నారా? పావురాలు, చిలకలు లాంటివి?"

సుగుణను చూపించి, "మా ఇంట్ల ఉన్న చిలక ఇదొక్కతే సార్" అన్నాను.

డాక్టరు కొంచెం నవ్వారు. సుగుణ సిగ్గుపడి కొంగు అడ్డం పెట్టుకుని దగ్గింది. ఆయన కాగితం మీద "నిల్" అని రాశారు. ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గర ఉంది. నేను ఈ జన్మలో వేసిన జోకులన్నిటిలో దవాఖాన రికార్డుకెక్కింది అదొక్కటే.

నేను అబద్ధం చెప్పలేదు. నిజంగానే మా ఇద్దరి మనసులోకి కోళ్లు రాలేదు. పక్షి అంటే ఎగిరేది, పంజరంలో ఉండేది, చెట్టు మీద వాలేది. కోడి కోడే. బర్రెను చూసి జంతువు అని ఎవరంటారు?

"టెస్టుల్లో తేలకపోయినా టీబీ కావచ్చు. ఆరు నెలలు మందులు వాడి చూద్దాం, నడుమ నడుమ వచ్చి చూపించండి" అన్నారు డాక్టరు. గోళీలు మొదలయ్యాయి. మూత్రం ఎర్రగా వస్తుందని ముందే చెప్పారు కాబట్టి భయపడలేదు. గోళీలు కడుపులో తిప్పుతున్నా సుగుణ ఒక్క రోజు తప్పలేదు. ఆదివారం గూడు ఊడవడమూ తప్పలేదు.

తర్వాత సమ్మె వచ్చింది. బస్సులు బంద్, బడులు బంద్. నాదర్‌గుల్‌లో ఉన్న చెల్లెలిని చూడడానికి వెళ్లిన సుగుణ అక్కడే చిక్కుకుపోయింది. షేర్ ఆటోలో వచ్చేయవచ్చు, కానీ చెల్లెలు పంపలేదు. ఫోన్ చేస్తే ఒకపక్క అక్కడి ట్రైనింగ్ విమానాల మోత, ఇంకోపక్క సుగుణ గొంతు. అక్కడ ఆడపిల్లలు విమానం నడపడం నేర్చుకుంటున్నారని, వాకిట్లో కూర్చుని తలెత్తి చూస్తే తనకూ నేర్చుకోవాలనిపిస్తోందని చెప్పింది. ఇంత పొడుగు మాట దగ్గకుండా చెప్పింది. నేను గమనించాను కూడా. టీబీ మందులు పనిచేస్తున్నాయనుకున్నాను. మూడు వారాల తర్వాత ఇంటికి వచ్చిందో లేదో, రెండు రోజుల్లో మళ్లీ మొదలు. ఇక నాకు ఒక కొత్త జోకు దొరికింది. "చెల్లెలింట్ల ఉంటే తగ్గుతది, మొగని మొఖం చూస్తే దగ్గొస్తది. దీనికి మందు విడాకులే" అని దుకాణానికి వచ్చిన ప్రతివాళ్లకూ చెప్పాను. అందరూ నవ్వారు. వాళ్లలో ఎవరైనా నవ్వు ఆపి ఆలోచించి ఉంటే బాగుండేది. ముందు ఆలోచించాల్సింది నేను.

ఆ దసరా తర్వాత వరలక్ష్మి వాళ్లు ఇల్లు ఖాళీ చేశారు. తాళాలు ఇవ్వడానికి కిందికి వచ్చినప్పుడు అడిగాను. "ఏమైంది చెల్లె, గాలి పడలేదా?"

"మీరు నవ్విస్తూనే అంటారు అన్నయ్యగారూ" అంది మెల్లగా. "కానీ అంటారు."

నేను తాళాలు జేబులో వేసుకున్నాను. ఆమె లోపలికి వెళ్లి సుగుణతో ఏదో మాట్లాడింది. చేతిలో మెత్తని నూలు గుడ్డలు రెండు పెట్టింది. ఎందుకని నేను అడగలేదు.

చలికాలం వచ్చింది. చలిగాలి కొట్టకుండా ఫ్లెక్సీని గూటి నాలుగో పక్కకు కూడా దించాను. ఒక ఆదివారం మధ్యాహ్నం సుగుణ మెట్ల దగ్గర కూర్చుండిపోయింది. పెదవులు నల్లబడ్డాయి. ఆటోలో దవాఖానకు తీసుకుపోయాను. వేలికి క్లిప్పు పెట్టి చూసి, "ఆక్సిజన్ శాచురేషన్ ఎనభై నాలుగే ఉంది, అడ్మిట్ చేయాలి" అని ఆక్సిజన్ పెట్టారు. మర్నాడు సీటీ స్కాన్. తర్వాత గొట్టంలో ఊదే పరీక్ష, పీఎఫ్‌టీ. "ఊదండి, ఊదండి, ఇంకా, ఇంకా" అని టెక్నీషియన్ పక్కన నిలబడి అరుస్తున్నాడు. సుగుణ వల్ల కావడం లేదు. పచ్చి కట్టెను రెండు ఊదులకు మండించే మనిషి.

స్కాన్ ఫిల్ము దీపానికి పెట్టి అదే డాక్టరు చాలాసేపు చూశారు.

"ఇది టీబీలాగా లేదు. నడుమ ఎప్పుడైనా తగ్గిందా?"

నా దగ్గర తయారుగా ఉన్న జోకు దానంతటదే వచ్చేసింది. "చెల్లెలింటికి పోతే తగ్గుతది సార్, మొగని ఇంటికొస్తే ఎక్కువైతది."

ఆయన నవ్వలేదు. "మళ్లీ చెప్పండి. ఎన్ని రోజులుంది అక్కడ? వచ్చాక ఎన్ని రోజులకు మొదలైంది?"

చెప్పాను.

"మీ ఇంట్లో ఉండి, వాళ్ల ఇంట్లో లేనిదేంటి?"

"నేనే సార్. నేను, కోళ్లు."

డాక్టరు పెన్ను బల్ల మీద పెట్టారు. "కోళ్లా? ఎన్ని? ఎవరు ఊడుస్తారు?"

"పద్నాలుగు. ఇదే ఊడుస్తది."

ఆయన పాత కాగితాలు తిరగేసి ఒక చోట వేలు పెట్టారు. "పక్షులున్నాయా అని అడిగాను. లేవన్నారు."

"కోళ్లు పక్షులెట్లైతయి సార్?"

ఆ గదిలో నర్సు కూడా ఉంది. ఎవరూ నవ్వలేదు. నేను జోకు వేయకుండా అన్న మాట అదొక్కటే, దానికి నవ్వాల్సింది. డాక్టరు, "నేను కూడా కోళ్లు అని విడిగా అడగాల్సింది" అన్నారు. పెద్ద మనిషి. ఆ తప్పులో సగం తను తీసుకున్నారు. నాకే ఆ సగం వాపసు తీసుకోవాలనిపించింది.

ముక్కులోంచి గొట్టం వేసి చూసే బ్రాంకోస్కోపీ కూడా అయ్యాక పేరు చెప్పారు. హైపర్‌సెన్సిటివిటీ న్యుమోనైటిస్. పలకడానికి నాకు మూడు రోజులు పట్టింది. "ఎండిన రెట్ట, ఈకల పొడి గాలిలో కలిసి లోపలికి పోతాయి. అందరికీ ఏమీ కాదు. ఈమె లంగ్స్‌కు ఆ గాలి పడదు" అన్నారు. గాలి పడదు. అదే మాట నేను వరలక్ష్మితో అన్నాను, గల్లీ అంతా వినేలాగా.

"కొంత వాపు, అది స్టెరాయిడ్స్‌తో తగ్గుతుంది. కొంత ఫైబ్రోసిస్, అంటే మచ్చ. అది పోదు."

"జర ముందు వస్తే?"

"ముందే వచ్చారు కదా" అన్నారు. ఎత్తిపొడుపుగా కాదు, ఉన్నమాటే.

ఆ సాయంత్రం మంచం పక్కన కూర్చుని వరలక్ష్మి ఇచ్చిన గుడ్డల సంగతి అడిగాను. సుగుణ ఆక్సిజన్ మాస్కు కొంచెం పైకెత్తి చెప్పింది.

"ముక్కుకు కట్టుకొమ్మని ఇచ్చింది. అల్మారీల పెట్టిన."

"కట్టుకోకపోయినవా మరి?"

"కట్టుకుంటే నువ్వు నవ్వుతవని."

మాస్కు మళ్లీ కిందికి దించుకుంది. నేను లేచి వరండాలోకి వెళ్లాను.

మర్నాడే కోళ్లన్నింటినీ, ఢిల్లీతో సహా, హయత్‌నగర్‌లో ఉండే దోస్తుకు ఇచ్చేశాను. సుగుణ వచ్చేలోపు ఇల్లు అద్దంలా చేయాలని గూడు నేనే పీకాను. ఫ్లెక్సీలు లాగి దులిపాను. ఊకంతా పొడిగానే ఎత్తి పోశాను. ఇంత చెప్పించుకున్నాక కూడా నీళ్లు చల్లాలని తోచలేదు. కిటికీలు తెరిచే ఉన్నాయి. దుమ్మంతా ఇంట్లోకి, పరదాల మీదికి, పరుపు మీదికి వచ్చి కూర్చుంది. సుగుణ డిశ్చార్జి అయి వచ్చిన రోజు సాయంత్రానికే చలి, జ్వరం, దగ్గు. మళ్లీ దవాఖాన. "కోళ్లు పోయాయి, దుమ్ము పోలేదు" అన్నారు డాక్టరు. స్టెరాయిడ్ డోసు పెంచారు.

అప్పుడు వరలక్ష్మికి ఫోన్ చేశాను. మీ ఊళ్లో ఎలా కడుగుతారు చెల్లె అని అడిగాను. దెప్పుతుందనుకున్నాను. దెప్పితే నాకే తేలికయ్యేది.

"ముందు వదినని వేరే చోట ఉంచండి. మీరు ముక్కు, నోరు కప్పుకోండి. నేలంతా బాగా తడిపి, నానాక పారతో గీకండి, చీపురు ముట్టుకోవద్దు. తీసినదంతా సంచిలో మూటకట్టేయండి. తర్వాత సున్నం కొట్టండి. ఇంట్లో కూడా దులపొద్దు, తడిగుడ్డతో తుడవండి. పరదాలు నానబెట్టి ఉతకండి. ఆ బట్టలతో లోపలికి రాకండి, బయటే స్నానం చేయండి" అని ఒక్కొక్కటీ చెప్పింది.

"చెల్లె, నేను ఆనాడు అన్నది..."

"వదినకి ఇప్పుడు ఎలా ఉందండీ?" అని మాట మార్చింది. చెప్పాను. ఫోన్ పెట్టేసింది. క్షమించు అనే మాట నా నోట్లోనే ఉండిపోయింది. తెలంగాణ వచ్చింది, మెట్రో వచ్చింది, ఆ మాట మాత్రం బయటికి రాలేదు.

స్టెరాయిడ్స్‌తో సుగుణ ముఖం గుండ్రంగా ఉబ్బింది. ఆకలి పెరిగింది, షుగర్ వచ్చింది. పదినెలలపాటు డోసు కొద్దికొద్దిగా తగ్గిస్తూ ఆపారు. ఆ పదినెలలు మా ఇంట్లో ఒక కొత్త బంద్ నడిచింది. నవ్వితే దగ్గు, దగ్గితే ఆయాసం. "జర నవ్వియ్యకు" అని చేతులు జోడించేది. ఊరందరినీ నవ్వించే నేను, ఇంట్లోకి వస్తూ చెప్పులతో పాటు నాలుకనూ గడప బయట వదిలేవాడిని. ఉప్పు సరిపోయిందా, గోళీ వేసుకున్నవా, అంతే మాటలు. మా ఇల్లు అంత నిశ్శబ్దంగా ఉండగలదని నాకు తెలియదు.

ఇప్పుడు ఆరు నెలలకొకసారి పీఎఫ్‌టీ చేయిస్తాం. "స్టేబుల్" అంటారు డాక్టరు. అంటే పెరగలేదు, పోలేదు. చదునుగా ఉంటే బాగానే నడుస్తుంది. ఎల్‌బీ నగర్ మెట్రో స్టేషన్‌లో మాత్రం మెట్లు చూడకుండా నేరుగా లిఫ్టు వైపు పోతుంది. పొయ్యి ఊదడం మానేసింది. జామచెట్టు కింద నేల ఖాళీగా ఉంది. పక్క గల్లీలో ఎవరో కొత్తగా కోళ్లు పెంచుతున్నారని తెలిస్తే, పిలవకపోయినా వెళ్లి, గాలి ఆడేలాగా జాలి వదిలేయండి, తలుపు పెద్దగా పెట్టండి, మగవాళ్లు కూడా పట్టేటట్టు, అని చెప్పి వస్తాను. నా మాట జోకనుకుని నవ్వుతారు. ఇన్నేళ్లు నేను సంపాదించుకున్న పేరు అది.

సుగుణ కొద్దికొద్దిగా నవ్వుతుంది. నేనేదైనా అంటే ముందు అరచెయ్యి ఎత్తి ఆపమంటుంది. ఊపిరి నిండా తీసుకుని, చెయ్యి దించి, "ఆ, ఇప్పుడు చెప్పు" అంటుంది. ఇది రాసి ఆమెకు చదివి వినిపించాను. చిలక మాట దగ్గరికొచ్చేసరికి చెయ్యి ఎత్తింది. ఆగాను. సిగ్గుగా ఉంది, ఆ మాట కొట్టేస్తానన్నాను.

"కొట్టెయ్యకు. అదుంటేనే ఎవలకన్న యాదికుంటది" అంది.

అందుకే ఉంచాను. గూడు ఊడ్చే ముందు తడపండి, ముక్కుకు గుడ్డ కట్టుకోండి. ఇవి వరలక్ష్మి చెప్పినవే, నావి కావు. నేను చెప్పగలిగింది ఒక్కటి. దగ్గుతో దవాఖానకు పోయినప్పుడు పక్షులున్నాయా అని డాక్టరు అడిగితే, కోళ్లున్నాయి సార్ అని చెప్పండి. అడగకపోయినా చెప్పండి.